విన్న విద్య, దొరికిన విద్య

ఇంటర్నెట్ వలన ఉన్నత విద్య బాగుపడుతున్నదా, చెడిపోతున్నదా అన్న చర్చ ముస్లిం విద్యావంతుల మధ్య తరచుగా రెండు కొసలకు చేరుకుంటున్నది. ఒక వర్గానికి అది ఫిత్నా. గురువుల పట్ల గౌరవాన్ని, మస్జిదుల్లోని పాఠచక్రాలను, క్రమబద్ధమైన అధ్యయనాన్ని అది మింగివేస్తున్నదని వీరి ఆవేదన. రెండవ వర్గానికి అది గొప్ప దైవానుగ్రహం. ఒకప్పుడు కైరోకో, డమాస్కస్‌కో వెళితే గాని కంటబడని గ్రంథం నేడు కర్నూలులోని ఒక పేద విద్యార్థి అరచేతిలో ఉన్నదని వీరి సంతోషం. రెండు వాదనల్లోనూ నిజం లేకపోలేదు. అయితే రెండు వర్గాలూ అసలు ప్రశ్నను దాటివేస్తున్నాయి. విద్య అంటే గ్రంథం చేతికి అందడమా? గ్రంథంలోని విషయం మనిషికి అందడమా?

ఈ ప్రశ్న ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. హదీసు శాస్త్రవేత్తలు దీనిని శతాబ్దాల క్రితమే ఎదుర్కొన్నారు. లోతుగా ఆలోచించి, నియమాలు రూపొందించి, వాటిని గ్రంథస్థం చేశారు. ఆధునిక విద్యను గురించి మాట్లాడేవారు ఆ నియమాల వైపు చూడకపోవడం, ఆ నియమాలను బోధించేవారు ఆధునిక విద్య వైపు చూడకపోవడం విచారకరం.

ఎనిమిది మార్గాలు

హిజ్రీ 630 (క్రీ.శ. 1233)లో డమాస్కస్‌లోని దారుల్ హదీస్ అష్రఫియా విద్యాలయానికి ఇమామ్ ఇబ్నుస్సలాహ్ (రహ్మలై) ఆచార్యులయ్యారు. అక్కడ ఆయన చెప్పిన పాఠాల నుండి రూపుదిద్దుకున్నదే 'ముఖద్దిమా'గా ప్రసిద్ధి చెందిన గ్రంథం. ఒక విద్యార్థి హదీసును ఏయే విధాలుగా పొందగలడో ఆయన అందులో ఎనిమిది మార్గాలుగా వివరించారు. మొదటిది సమా: గురువు చెబుతుండగా స్వయంగా వినడం. రెండవది ఖిరాఅత్: విద్యార్థి చదువుతుండగా గురువు విని సరిదిద్దడం. మూడవది ఇజాజత్: తన ఉల్లేఖనాలను ఇతరులకు అందించడానికి గురువు అనుమతినివ్వడం. ఆ తరువాత గ్రంథాన్ని చేతికి అందించడం, లేఖ ద్వారా పంపడం, ఫలానా గ్రంథం తన ఉల్లేఖనమేనని తెలియజేయడం, మరణ సమయంలో వీలునామాగా వదలడం వరుసగా వస్తాయి. ఎనిమిదవది, చివరిది విజాదత్. గురువు నుండి విననూ లేదు, అనుమతీ లేదు. ఎవరో వ్రాసినది ఎక్కడో దొరికింది, దొరికినవాడు చదువుకున్నాడు. అంతే.

ఈ జాబితాలో గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఇబ్నుస్సలాహ్ విజాదత్‌ను త్రోసిపుచ్చలేదు. పైగా, తరువాతి కాలాల్లో పూర్వపు షరతులన్నీ నెరవేరడం కష్టమైపోయినందున, నమ్మదగిన ప్రతి దొరికినప్పుడు దాని ప్రకారం ఆచరించడం తప్ప వేరే దారి లేదని ఆయన అంగీకరించారు. అయితే పండితులు ఒక నిజాయితీని మాత్రం కోరారు. అలా దొరికినదానిని చెప్పేవాడు 'ఫలానా వారు నాకు చెప్పారు' అనరాదు, 'ఫలానా వారి వ్రాతలో కనుగొన్నాను' అనాలి. ఆ ప్రతి విశ్వసనీయమైనదో కాదో మూలంతో పోల్చి చూసుకోవాలి. అంటే దొరికిన విద్య నిషిద్ధం కాదు. దొరికిన విద్యను విన్న విద్యగా చెలామణీ చేయడం నిషిద్ధం.

ఇంటర్నెట్ విద్య మొత్తాన్ని తూచడానికి ఇంతకంటే సరియైన త్రాసు దొరకడం కష్టం.

తెర వెనుక గురువు

ఇంటర్నెట్ బోధన అంతా ఒకే జాతికి చెందినది కాదు. దూరాన ఉన్న గురువు నిర్ణీత సమయానికి తెరపై కనబడి, విద్యార్థి పారాయణం విని, తజ్వీదు దోషాలను అప్పటికప్పుడు సరిదిద్దితే అది ఖిరాఅత్‌కు ఎంతో దగ్గరగా ఉన్నది. గురువు ఎదుట కూర్చోలేదన్న ఒక్క కారణంతో దీనిని తక్కువ చేయడం న్యాయం కాదు. తెర చాటు నుండి వినడం చెల్లుతుందా అన్న ప్రశ్నను ఇబ్నుస్సలాహ్ కూడా చర్చించారు. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) నుండి సహాబాలు, తాబియీలు తెర చాటు నుండే విద్య గ్రహించారు. మాట్లాడుతున్నది ఎవరో నిశ్చయంగా తెలిసినప్పుడు అలా వినడం చెల్లుతుందనే అభిప్రాయానికే పండితులు మొగ్గు చూపారు. ముఖం కనిపించడం షరతు కాదు, మనిషి ఎవరో తెలియడం షరతు.

నేటి పరిస్థితి దీనికి సరిగ్గా తలక్రిందులుగా ఉన్నది. తెర మీద ముఖం స్పష్టంగా కనిపిస్తున్నది. మనిషి ఎవరో తెలియడం లేదు. ఆయన ఎవరి దగ్గర చదివారు, ఏ శాస్త్రంలో ఎంతకాలం శ్రమించారు, ఏ పండితులు ఆయనను గుర్తించారు అన్న ప్రశ్నలకు జవాబు లేకుండానే వేలమంది ఆయన శిష్యులైపోతున్నారు. చూసినవారి సంఖ్యే ఆయన యోగ్యతాపత్రం. ఒక ఉల్లేఖకుడి జ్ఞాపకశక్తిని, నడవడిని, గురుపరంపరను జల్లెడ పట్టి, వేలాది మంది జీవిత వివరాలను నమోదు చేసిన సమాజం ఈ స్థితికి చేరుకోవడం ఆశ్చర్యకరం. అటువంటి వివరాల నిఘంటువులలో ప్రసిద్ధమైన ఇబ్ను హజర్ అస్ఖలానీ (రహ్మలై) వారి 'తహ్జీబుత్తహ్జీబ్' పన్నెండు సంపుటాలుగా వెలువడినది హైదరాబాదు నగరంలోనే. 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ దానిని ప్రచురించింది. ఉల్లేఖకులను తూచే త్రాసును ప్రపంచానికి అచ్చువేసి ఇచ్చిన నేల మీద బోధకుడిని తూచకుండానే పాఠం వినడం అలవాటుగా మారింది.

లక్షలాది శ్రోతలు

రెండవ తరగతికి చెందినవి విశ్వవిద్యాలయాలు ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠ్యక్రమాలు. అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠ్యసామగ్రిని ఉచితంగా అందరికీ తెరుస్తానని 2001లో ప్రకటించింది. 2011లో స్టాన్‌ఫర్డ్ తరఫున ఇద్దరు బోధకులు కృత్రిమ మేధపై ఉచిత తరగతి ప్రారంభిస్తే సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. చివరి వరకు నిలిచినవారు సుమారు 23,000. మరుసటి సంవత్సరమే కోర్సెరా, ఎడెక్స్ సంస్థలు ఆవిర్భవించాయి. విశ్వవిద్యాలయాల గోడలు ఇక కూలిపోతాయన్న జోస్యాలు వినవచ్చాయి.

ఆ జోస్యాలు ఎంతవరకు ఫలించాయి? 2013లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే రాష్ట్ర విశ్వవిద్యాలయం యుడాసిటీ సంస్థతో కలిసి ప్రాథమిక గణితం వంటి విషయాలలో ఇటువంటి తరగతులు నడిపింది. ఉత్తీర్ణుల సంఖ్య నిరాశ కలిగించడంతో కొద్ది నెలలకే వాటిని నిలిపివేయవలసి వచ్చింది. హార్వర్డ్, ఎం.ఐ.టి.లు లాభాపేక్ష లేకుండా స్థాపించిన ఎడెక్స్ 2021లో 80 కోట్ల డాలర్లకు ఒక వ్యాపార సంస్థ చేతికి వెళ్ళింది. ఆ వ్యాపార సంస్థ 2024లో దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానం మెట్లెక్కింది. విద్యాదానంగా మొదలైనది విపణివీధికి చేరడానికి పదేళ్ళు కూడా పట్టలేదు.

ఇందులో దోషం యంత్రానిది కాదు. అప్పటికే చదువు అలవడినవాడికి, క్రమశిక్షణ ఉన్నవాడికి ఆ తరగతులు ఎంతో మేలు చేశాయి. పునాది బలహీనంగా ఉండి, ఎవరైనా ప్రక్కన కూర్చుని చెబితే గాని అర్థం కాని విద్యార్థికే అవి అక్కరకు రాలేదు. అంటే ఎవరి పేరు చెప్పి ఆ ఏర్పాటును పొగిడారో వారికే అది తక్కువగా ఉపయోగపడింది.

పెద్ద సభలు కూడా ముస్లిం విద్యా చరిత్రకు కొత్త కాదు. బాగ్దాదులో ప్రసిద్ధ ముహద్దిసులు పాఠం చెబుతుంటే వేల సంఖ్యలో జనం చేరేవారు. గురువు గొంతు వెనుక వరుసలకు వినబడదు గనుక ఆయన మాటను బిగ్గరగా అందించడానికి ముస్తమ్లీలు ఉండేవారు. అప్పుడే పండితులకు ఒక సందేహం కలిగింది. ముస్తమ్లీ గొంతు మాత్రమే విన్నవాడు గురువు నుండి విన్నట్లా, కాదా? పాఠం జరుగుతుండగా వేరే పనిలో మునిగినవాడి శ్రవణం చెల్లుతుందా? చదివేవాడు మరీ వేగంగా చదివితే? ఈ చిన్న విషయాలపై వారు అభిప్రాయభేదాలను సైతం నమోదు చేశారు. డమాస్కస్ వ్రాతప్రతుల అంచుల్లో నేటికీ ఆనాటి హాజరు పట్టికలు కనిపిస్తాయి. ఎవరు వచ్చారు, ఎవరు ఏ భాగానికి హాజరు కాలేదు అన్నది తేదీతో సహా వ్రాసి ఉంచారు. నేడు వీడియో చివరి వరకు తిరిగితే చాలు, పాఠం 'పూర్తయినట్లు' యంత్రం టిక్కు పెడుతుంది. విద్యార్థి ఆ సమయంలో నిద్రపోతున్నా దానికి పట్టింపు లేదు. ఆ పాత పట్టికలు వ్రాసినవారి చిత్తశుద్ధి ముందు ఈ టిక్కు ఏపాటిది?

గురువు లేని గ్రంథం, గ్రంథం లేని జవాబు

మూడవ తరగతి నిజమైన విజాదత్: వెతికితే దొరికే గ్రంథాలు. మక్తబా షామిలా వంటి అరబీ గ్రంథ భాండాగారాలు వేలాది సంపుటాలను ఒక చిన్న కంప్యూటరులో ఇమిడ్చాయి. పరిశోధకులకు ఇది చేసిన మేలు అపారం. ఒక హదీసు ఎన్ని గ్రంథాలలో ఉన్నదో తెలుసుకోవడానికి ఒకప్పుడు నెలలు పట్టేది. నేడు నిమిషాలు చాలు. హదీసు అధ్యయనానికి కంప్యూటరు వినియోగాన్ని ముందుగా చేపట్టినవారిలో ముహమ్మద్ ముస్తఫా ఆజమీ (రహ్మలై) ఒకరు. ఆయన భారతదేశంలో పుట్టి, దేవ్‌బంద్‌లోను, అల్ అజ్హర్‌లోను చదివి, 1966లో కేంబ్రిడ్జి నుండి డాక్టరేటు పొందారు. గురుముఖంగా చదివిన తరువాత యంత్రాన్ని చేతబట్టిన పండితుడు ఆయన. ఈ వరుసక్రమం మరువరానిది.

వరుస తారుమారైతే ఏమవుతుందో పూర్వులకు తెలుసు. తొలి కాలపు అరబీ వ్రాతలో చుక్కలు సరిగా ఉండేవి కావు. బా, తా, సా అక్షరాలు ఒకే ఆకారంలో కనిపించేవి. గురువు నోట వినకుండా కాగితం చూసి నేర్చినవాడు పేర్లను, పదాలను తప్పుగా చదివేవాడు. ఈ దోషానికి తస్‌హీఫ్ అని పేరు. ఇటువంటి తప్పులను సేకరించి అబూ అహ్మద్ అస్కరీ హిజ్రీ నాలుగవ శతాబ్దంలోనే ప్రత్యేక గ్రంథం వ్రాశారు. నేటి తస్‌హీఫ్ చుక్కలకు సంబంధించినది కాదు, సందర్భానికి సంబంధించినది. ఒక వాక్యం వెతుకులాటలో దొరుకుతుంది. దాని ముందు వెనుకలు కనబడవు. ఏ మజ్‌హబ్ పరిభాషలో అన్నారో, ఏ ప్రశ్నకు జవాబుగా అన్నారో, తరువాతి పేజీలో దానిని ఎలా ఖండించారో తెలియదు. తెలియకుండానే అది తీర్పుగా మారి ఊరంతా తిరుగుతుంది.

నాలుగవ తరగతి వీటన్నిటికంటే ప్రమాదకరమైనది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడినప్పటి నుండి విద్యార్థులు గ్రంథాన్ని వెతకడం కూడా మానుకొని జవాబును అడుగుతున్నారు. ఈ యంత్రాలు ఎంతో చక్కని భాషలో సమాధానం చెబుతాయి. ఒక్కొక్కసారి లేని హదీసును, లేని గ్రంథాన్ని, లేని సంఖ్యను సైతం అదే చక్కని భాషలో కల్పించి చెబుతాయి. ఇది ఎనిమిది మార్గాలలో దేనికి చెందుతుంది? దేనికీ చెందదు. విజాదత్‌లో కనీసం ఒక వ్రాత, వ్రాసినవాడు ఉంటాడు. ఇక్కడ ఇస్నాద్ అనే మాటకే చోటు లేదు. జనరంజకంగా మాట్లాడే కథకులు హదీసులు కల్పించి చెప్పిన కాలం ఒకటి ఉండేది. ఇబ్నుల్ జౌజీ (రహ్మలై) వంటివారు ఆ కల్పనలను ఏరి 'మౌజూఆత్' వంటి గ్రంథాలు రచించారు. ఆనాటి కథకుడికి తాను అబద్ధం చెబుతున్నానని తెలుసు. ఈనాటి కథకుడికి ఆ సంగతి కూడా తెలియదు. వార్త తెచ్చినవాడి నడవడి సందేహాస్పదమైతే విచారించి గాని నమ్మవద్దని హుజురాత్ సూరా ఆరవ ఆయతు ఆదేశిస్తున్నది. నడవడి అనేదే లేనివాడు తెచ్చిన వార్త విషయంలో ఆ ఆదేశం మరెంత వర్తిస్తుందో ఆలోచించవలసి ఉంది.

మరో సంగతి కూడా ఉన్నది. యంత్రం ఎన్నడూ 'నీకు ఇంకా సమయం రాలేదు' అనదు. కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) విద్య కోరి సుదీర్ఘ ప్రయాణం చేసి గురువును చేరుకున్న వృత్తాంతం ఉన్నది. ఆ గురువు ముందుగా పాఠం చెప్పలేదు. సహనాన్ని షరతుగా పెట్టారు. ఒక ప్రవక్తకే ఆ షరతు వర్తించినప్పుడు, అడిగిన మరుక్షణం జవాబు దొరకడమే విద్య అనుకునే తరం ఏమి కోల్పోతున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

పుట్టనివాడికి యోగ్యతాపత్రం

ఇంతవరకు చెప్పినదానిని బట్టి పాత పద్ధతి అంతా స్వచ్ఛం, కొత్తదంతా కల్తీ అని తేల్చడం పొరపాటు. ఇజాజత్ పద్ధతి స్వయంగా ఒక దశలో దిగజారింది. పాఠం వినని పసిపిల్లలకు, చివరికి ఇంకా పుట్టని సంతానానికి కూడా ఇజాజత్‌లు వ్రాసి ఇచ్చిన సందర్భాలున్నాయి. ఖతీబ్ బాగ్దాదీ (రహ్మలై) అంతటి పండితులు దానిని సమర్థించారు. ఇబ్నుస్సలాహ్ దానిని అంగీకరించలేదు. చదవకుండా పట్టా సంపాదించడం ఇంటర్నెట్ కనిపెట్టిన విద్య కాదని దీనివలన తేటపడుతున్నది. కాబట్టి ఇంటర్నెట్‌ను దూషించే మదరసాలు తాము ఇచ్చే సనదులను కూడా ఇదే త్రాసులో తూచుకోవాలి. నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి, అర్థం చెప్పకుండా, ప్రశ్న అడగనివ్వకుండా ఏళ్ళు గడిపితే అది కూడా గురుముఖ విద్య కాజాలదు.

ఇమామ్ గజ్జాలీ (రహ్మలై) జీవితంలోని ఒక సంఘటనను చరిత్రకారులు ఉల్లేఖించారు. జుర్జాన్‌లో చదువు ముగించుకొని తూస్‌కు తిరిగి వస్తుండగా దొంగలు ఆయన వస్తువులు దోచుకున్నారు. పాఠాలు వ్రాసుకున్న కాగితాలు మాత్రం ఇచ్చివేయమని ఆయన వేడుకుంటే, కాగితాలు పోగానే పోయేది విద్య ఎలా అవుతుందని దొంగల నాయకుడు నవ్వాడట. ఆ తరువాత ఆయన మూడేళ్ళు కష్టపడి వాటిని హృదయస్థం చేసుకున్నారు. సెల్‌ఫోను పోతే విద్య పోయే కాలంలో ఆ దొంగ మాట చురుక్కుమనిపిస్తుంది. అయితే ఆ దెబ్బ తిన్నది ఇంటర్నెట్ విద్యార్థి కాదు, గురువు దగ్గర చదివి వచ్చిన విద్యార్థి. గురువు దగ్గర కూర్చోవడమొక్కటే చాలదన్నమాట.

బయట మిగిలినవారు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం: ఈ కొత్త విద్య ఎవరికి అందుతున్నది? 2017–18లో జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యమున్న కుటుంబాలు పట్టణాలలో నూటికి 42, గ్రామాలలో నూటికి 15 మాత్రమే. కంప్యూటరు ఉన్న గ్రామీణ కుటుంబాలు నూటికి నాలుగు. రెండేళ్ళు తిరగకుండానే, 2020 మార్చిలో కోవిడ్ కారణంగా తరగతి గదులు మూతబడి, విద్య అంతా ఆ తీగ మీదికి ఎక్కింది. ఆ తరువాత సెల్‌ఫోన్లు ఎంతో వ్యాపించిన మాట నిజమే. కాని నలుగురు పిల్లలున్న ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది ముందుగా ఎవరి చేతికి వెళ్తుందో, ఎవరి చేతికి చివరగా వస్తుందో అందరికీ తెలిసినదే.

దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల్లో ప్రతి 25 మంది పట్టభద్ర తరగతి విద్యార్థులలో ఒక్కరే ముస్లిమని 2006లో సచార్ కమిటీ తెలియజేసింది. ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019–20లో సుమారు 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020–21లో సుమారు 19 లక్షలకు పడిపోయింది. అదే సంవత్సరం షెడ్యూల్డు కులాల, తెగల, వెనుకబడిన తరగతుల విద్యార్థుల సంఖ్య మాత్రం పెరిగింది. ఈ తగ్గుదలను ఒక్క ఇంటర్నెట్‌కే అంటగట్టడం తగదు. ఉపాధి దెబ్బతినడం, కుటుంబ భారం పిల్లల మీద పడడం కూడా కారణాలే. అయినా చదువంతా ఇంటికే వచ్చిందని చెప్పుకున్న సంవత్సరంలోనే ఇంతమంది చదువుకు దూరమయ్యారన్న వాస్తవం సమాజాన్ని కలవరపెట్టాలి.

భాష మరొక అడ్డుగోడ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తెలుగులోనే చదివి పెరిగిన ముస్లిం యువతీయువకులు లక్షల్లో ఉన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా ఆ లిపి చదవలేనివారు వారిలో ఎందరో. ఇంటర్నెట్‌లోని ధార్మిక విజ్ఞానం ముఖ్యంగా అరబీలో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఉన్నది. తెలుగులో దొరికేది కొంచెం. ఆ కొంచెంలో యంత్రం అనువదించినది ఎంతో, పండితుడు పరిశీలించినది ఎంతో చెప్పడం కష్టం. మాతృభాషలో ఉన్నత విద్య అసాధ్యమన్న రోజుల్లోనే 1917లో హైదరాబాదులో దారుత్తర్జుమా ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధన సాగించే సంస్థగా వెలసింది. కళాశాల పాఠ్యగ్రంథాల కోసం 1968లో తెలుగు అకాడమి స్థాపితమైంది. ఈ రెండు ఉదాహరణలూ ఒకే విషయాన్ని బోధిస్తున్నాయి. సాధనం రాగానే విద్య రాదు. పరిభాషను సిద్ధం చేసి, గ్రంథాన్ని సరిచూసి ఇచ్చే మనుషులను కూర్చోబెట్టినప్పుడే వస్తుంది.

ఏమి చేయవలసి ఉంది

ఇస్లామీ విద్యాసంస్థలు ఇంటర్నెట్ ముందు తలుపు మూసుకోవడం వలన ప్రయోజనం లేదు. తలుపు తీసి ఊరుకోవడం వలన కూడా లేదు. ఎనిమిది మార్గాల త్రాసు వారి చేతిలోనే ఉన్నది. ఇంటర్నెట్‌లో పాఠం చెప్పే ప్రతి బోధకుడి గురుపరంపర పాఠం మొదటనే ప్రకటించబడాలి. వినడంతో ముగిసే పాఠాలను తగ్గించి, విద్యార్థి చదవగా గురువు విని సరిదిద్దే పాఠాలను పెంచాలి. ఇందుకు ముప్పై మందికి ఒక గురువు కావాలి; ముప్పై వేల మందికి ఒకరు కాదు. పట్టా మీద ఆ విద్యార్థి ఏది విన్నాడో, ఏది చదివి వినిపించాడో, ఏది స్వయంగా చదువుకున్నాడో వేరువేరుగా వ్రాయాలి. డమాస్కస్ పట్టికలు చేసిన పని ఇదే. తెలుగులో వెలువడే ప్రతి ధార్మిక రచనకు మూలంతో పోల్చి చూసినవారి పేరు ఉండాలి.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. దూరం కారణంగానో, ఇంటి పరిస్థితుల కారణంగానో చదువు ఆగిపోయిన అమ్మాయిలకు ఇంటర్నెట్ నిజంగానే ఒక ద్వారం. అయితే వారిని శ్రోతలుగా మాత్రమే ఉంచడం చరిత్రకు ద్రోహం. హిజ్రీ అయిదవ శతాబ్దంలో మక్కాలో కరీమా మర్వజియా (రహ్మలైహా) సహీహ్ బుఖారీ బోధించేవారు. ఖతీబ్ బాగ్దాదీ అంతటివారు ఆమె దగ్గర కూర్చుని ఆ గ్రంథం చదివారు. ఆ పరంపర తెలుగు నేల మీద కొనసాగాలంటే అమ్మాయిలకు ఫోను ఇప్పించడంతో సరిపోదు. వారిని ఆచార్యులను చేయాలి.

ఒక్క హదీసు కోసం హజ్రత్ జాబిర్ (రజి) ఒంటె కొని, నెల రోజులు ప్రయాణించి, షామ్‌లో ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి)ను కలుసుకున్నారు. ఆ హదీసు ఇతరుల ద్వారా ఆయనకు అప్పటికే తెలిసినదే. విన్నవారి నోట వినడానికే ఆయన వెళ్ళారు. నేటి విద్యార్థికి ఆ ప్రయాణం తప్పింది, సంతోషమే. ఆ నెల రోజుల శ్రమలో ఇమిడి ఉన్న జాగ్రత్త మాత్రం తప్పకూడదు. దూరాన్ని ఇంటర్నెట్ తగ్గించగలదు. ఎవరి నుండి తీసుకుంటున్నాడో తెలుసుకునే బాధ్యతను మాత్రం తీసుకునేవాడి మీది నుండి అది దించలేదు.